టంగ్‌స్టన్ గోడ, హైడ్రోజన్ ప్లాస్మా: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో అణు లోహాల గురించి మాట్లాడితే వినేవారికి కొదవ లేదు. ఇటు న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, అటు ప్రత్యేక లోహాలు తయారుచేసే మిధాని ఉన్న ఊరు కదా, ఏ వీధిలోనైనా ఆ రంగంలో పనిచేసినవారు ఒకరు తగులుతారు. అందుకే హైడ్రోజన్ కేంద్రకాలను కలిపి శక్తి పుట్టించే ఫ్యూజన్ రియాక్టర్ లోపలి గోడ గురించి నోరు విప్పితే ప్రశ్నలు పదునుగా వస్తాయి. అపోహలూ అంతే.

అపోహ: 15 కోట్ల డిగ్రీల ప్లాస్మా తగిలితే ఏ లోహమైనా కరిగిపోతుంది.

ప్లాస్మా అంటే పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయేంత వేడెక్కిన వాయువు. ఆ వేడి నడిమధ్య ప్లాస్మాది. అది మనం పీల్చే గాలికంటే రెండు లక్షల రెట్లకు పైగా పలచన. ఇక్కడ లెక్క డిగ్రీలతో తేలదు, చదరపు మీటరుకు ఎంత వేడి చేరుతోందో చూడాలి. ఫ్రాన్స్‌లో కడుతున్న ఐటీఈఆర్ అనే ఫ్యూజన్ రియాక్టర్‌లో, వేడినీ వ్యర్థ వాయువునూ బయటికి లాగే అడుగు భాగమైన డైవర్టర్ పలకలు చదరపు మీటరుకు 10 మెగావాట్లను నిలకడగా తట్టుకోవాలి. వెనకాల నీళ్లు పారుతుంటే 3,422 డిగ్రీల దాకా కరగని టంగ్‌స్టన్ ఆ పని చేస్తుంది. ప్లాస్మా అదుపు తప్పిన క్షణాల సంగతి వేరు.

అపోహ: టంగ్‌స్టన్‌లో హైడ్రోజన్ కరగదు, కాబట్టి ఇంధనం అందులో చిక్కుకోదు.

ఇంధనమంటే హైడ్రోజన్ బరువైన రూపాలు, డ్యుటీరియం, ట్రిటియం. ఈ అపోహను నమ్మేవారిలో లోహశాస్త్రం చదివినవారే ఎక్కువ. మొదటి సగం దాదాపు నిజం కావడమే చిక్కు. జిర్కోనియం హైడ్రోజన్‌ను ఆబగా పీల్చుకుని, హైడ్రైడ్ ఏర్పడి పెళుసెక్కుతుంది. అణు ఇంధనాన్ని నింపే జిర్కలాయ్ (జిర్కోనియం మిశ్రమం) గొట్టాలతో పనిచేసినవారికి ఇది కొట్టినపిండి. టంగ్‌స్టన్ తీరు వేరు, అందులోకి హైడ్రోజన్ దూరాలంటే శక్తి ఖర్చవుతుంది. ఆ ఖర్చు ప్లాస్మా పెట్టుకుంటుంది. లోపలికి చేరిన పరమాణువు సులువుగానే తిరుగుతూ, జాలకంలో (లోహ పరమాణువుల అమరికలో) ఏ ఖాళీ దగ్గరో, లోహపు రేణువుల సరిహద్దులోనో ఇరుక్కుంటుంది. ఫ్యూజన్‌లో పుట్టే 14.1 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తిని కొలిచే ప్రమాణం) న్యూట్రాన్లు అలాంటి ఖాళీలను లోతుదాకా పుట్టిస్తాయి. కొత్త పలకలో చిక్కిన హైడ్రోజన్‌ను కొలిచి తేల్చిన అంకెను అలా దెబ్బతిన్న పలకకు అంటగడితే నేను ఒప్పుకోను.

ఇరుక్కున్నది ట్రిటియమైతే నష్టం రెండింతలు. అది రేడియోధార్మికం, పైగా ప్రకృతిలో దొరకడమే అరుదు. మునుపు వాడిన కార్బన్ గోడల్లో ట్రిటియం ఎక్కువగా చిక్కుకుంటుంది, వాటిని వదులుకోవడానికి ప్రధాన కారణం ఇదే. బ్రిటన్‌లోని జెట్ అనే ఫ్యూజన్ ప్రయోగ యంత్రంలో 2011లో కార్బన్ స్థానంలో బెరీలియం, టంగ్‌స్టన్ పెట్టాక చిక్కుకునే ఇంధనం పదో వంతుకన్నా తగ్గింది.

అపోహ: గోడను ఢీకొనే అయాన్ల (విద్యుదావేశమున్న పరమాణువుల) శక్తి తక్కువైతే ఉపరితలానికి హాని లేదు.

ఒక టంగ్‌స్టన్ పరమాణువును చోటు నుంచి కదపాలంటే డ్యుటీరియం అయాన్‌కు దాదాపు రెండు వేల ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. మరి పదుల ఎలక్ట్రాన్ వోల్టుల ప్లాస్మాలో ఉంచిన పలకను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెడితే కనబడేవి ఏమిటి? అద్దంలా పాలిష్ చేసిన ముఖం నిండా పొంగిన పూరీల్లాంటి బొబ్బలు. కోసి చూస్తే కింద పగులో, బోలో ఉంటుంది. పైపొరలో హైడ్రోజన్ పట్టగలిగినదానికి మించి కిక్కిరిసి, ఖాళీలు ఏర్పడటాన్ని సులువు చేస్తుంది. ఆపైన వాయువు ఒత్తిడి పొరను ఉబ్బిస్తుంది. ఉపరితలం 700 డిగ్రీలు దాటితే ఈ బొబ్బలు దాదాపు కనబడవు.

అపోహ: హైడ్రోజన్‌తో పరీక్షిస్తే సరిపోతుంది.

ఫ్యూజన్‌లో హీలియం పుట్టక తప్పదు. బాగా వేడెక్కిన టంగ్‌స్టన్ మీద హీలియం ప్లాస్మా పడితే మెరిసే లోహం నల్లబడి, నానో దారాల నూగు పట్టుకుంటుంది. విచిత్రమేమిటంటే డ్యుటీరియం ప్లాస్మాలో కాస్త హీలియం కలిపితే బొబ్బలు తగ్గుతాయి, చిక్కే డ్యుటీరియమూ తగ్గుతుంది. పైన ఏర్పడే సన్నటి బుడగల పొర హైడ్రోజన్‌ను లోతుకు పోనివ్వదు.

ఇలాంటి నమూనాలను వాక్యూమ్‌లో వేడిచేసి, బయటికొచ్చే వాయువును కొలిచేవారు ఒకటి చూసుకోవాలి. హీలియం ద్రవ్యరాశి 4.003, డ్యుటీరియం అణువుది 4.028. ద్రవ్యరాశిని బట్టి వాయువులను వేరుచేసే మామూలు మాస్ స్పెక్ట్రోమీటర్‌కు రెండూ ఒకటే గీత.