"సరిపోలేదు" అంటే "లేదు" అని కాదు: పాంక్రియాస్ బయాప్సీ, జీన్ టెస్ట్ చుట్టూ అపోహలు

పోయిన వారం మళ్లీ అదే జరిగింది. ఒక అబ్బాయి ఫైలు పట్టుకుని ల్యాబ్‌కి వచ్చాడు. "మేడమ్, మా నాన్నకి జీన్ టెస్ట్‌లో ఏమీ రాలేదు. మీరొకసారి చూస్తారా?" రిపోర్టు తిప్పి చూశాను. మొదటి పేజీలోనే ఉంది: పరీక్షకు నమూనా సరిపోలేదు. అంటే టెస్ట్ జరగనే లేదు. ఆ ఇంట్లో మాత్రం రెండు నెలలుగా అందరూ జరిగిందనే అనుకుంటున్నారు.

నేను పాథాలజిస్టుని, బయాప్సీలో తీసిన ముక్కల్ని మైక్రోస్కోప్ కింద చూసి జబ్బేంటో చెప్పే డాక్టర్‌ని. మనుషులు నా దాకా రావడం తక్కువ, వాళ్ల ముక్కలే వస్తాయి. అయినా ఈ మాట ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. అందుకే రాసి పెడుతున్నా.

అపోహ: బయాప్సీలో క్యాన్సర్ అని తేలిందంటే జీన్ టెస్ట్‌కీ ఆ ముక్కే చాలు

చాలకపోవచ్చు. పాంక్రియాస్ (క్లోమం) విషయంలో తరచూ చాలదు.

క్యాన్సర్ అని పేరు పెట్టడానికి నాకు మైక్రోస్కోప్ కింద కొన్ని కణాల గుంపులు స్పష్టంగా కనిపిస్తే సరిపోతుంది. ఏ మందు పనిచేయొచ్చో చూడటానికి జీన్స్ చదవాలంటే ఆ కణాల్లోంచి డీఎన్‌ఏ తీయాలి, అది తగినంత రావాలి. రెండూ వేర్వేరు లెక్కలు.

ఈయూఎస్‌లో (నోట్లోంచి గొట్టం పంపి, అల్ట్రాసౌండ్‌తో చూస్తూ ముక్క తీసే పద్ధతి) వాడే 22 గేజ్ సూది మందం ముప్పావు మిల్లీమీటరు కూడా ఉండదు. నా టేబుల్ మీదికి వచ్చే ఫార్మలిన్ డబ్బా అడుగున కనిపించేవి నెత్తుటి గడ్డల మధ్య నాలుగైదు తెల్లటి పోగులు, సేమియా కన్నా సన్నం. మా టెక్నీషియన్ వాటిని పల్చటి కాగితంలో పొట్లం కట్టి ప్రాసెసింగ్‌కి పెడతాడు. లేకపోతే ద్రావణాల్లో కొట్టుకుపోతాయి. తర్వాత మైనంలో బ్లాక్ చేసి, మూడు నాలుగు మైక్రాన్ల పొరలుగా కోస్తాం.

ఇక్కడ పాంక్రియాస్ గడ్డకున్న సొంత గుణం ఒకటుంది. పీచు మామిడి తిన్నారా? నోరంతా పీచే, గుజ్జు కొంచెం. ఇదీ అంతే. గడ్డలో ఎక్కువ భాగం గట్టి పీచులాంటి కణజాలం, క్యాన్సర్ కణాలు మధ్య మధ్య చెల్లాచెదురుగా ఉంటాయి. చాలా ల్యాబ్‌లు స్లైడ్‌లో కనీసం 20 శాతం క్యాన్సర్ కణాలు కావాలంటాయి. పాంక్రియాస్ ముక్కలో అంతకన్నా తక్కువ ఉండటం మాకు మామూలే. అప్పుడు నేను స్లైడ్ మీద మార్కర్ పెన్నుతో కణాలు ఒత్తుగా ఉన్న చోట గీత గీసిస్తాను. టెక్నీషియన్ ఆ గీత లోపలిది మాత్రమే బ్లేడుతో గీకి తీస్తాడు. కొన్నిసార్లు గీత గీయడానికే చోటు దొరకదు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. ముక్క వాడేకొద్దీ అరిగిపోతుంది. మొదటి స్లైడ్‌తో తేలకపోతే మార్కర్లు, అంటే కణాల రకం చెప్పే ప్రత్యేక రంగులు వేస్తాం, ఒక్కో మార్కర్‌కి ఒక్కో పొర. బ్లాక్‌ని మళ్లీ మళ్లీ మెషిన్‌కి బిగించినప్పుడల్లా పైపొరలు కొన్ని వృథా అవుతాయి. చెక్కీ చెక్కీ పెన్సిల్ ముక్కైపోయినట్టే. నెల తర్వాత "అదే బ్లాక్ మీద జీన్ టెస్ట్ చేయండి" అని వచ్చేసరికి అందులో మైనమే మిగులుతుంది.

అందుకే చేతులు జోడించి చెప్తున్నా: జీన్ టెస్ట్ ఆలోచన ఉంటే బయాప్సీకి ముందే డాక్టర్‌గారిని అడగండి. కిరీటంలా పళ్లున్న ఎఫ్‌ఎన్‌బీ సూదులు ఉన్నాయి, వాటితో కణాలే కాకుండా కణజాలపు పోగు కూడా వస్తుంది. రెండు మూడు సార్లు గుచ్చి, తెల్లటి పోగు పడిందో లేదో ఎండోస్కోపీ గదిలోనే కంటితో చూసుకుంటారు. మాకు పంపే ఫారంలో జీన్ టెస్ట్ అన్న ముక్క రాస్తే చాలు, మొదటి కోతలోనే కొన్ని రంగు వేయని స్లైడ్‌లు పక్కన పెట్టేస్తాం. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి.

ఇంత పాటు పడితే ఏం దొరుకుతుంది? ఉన్నదున్నట్టు చెప్తా. పదిమందిలో తొమ్మిదిమందికి కేరాస్ అనే జీన్‌లో మార్పు కనిపిస్తుంది. అందులో జీ12సీ అనే రకం మీద పనిచేసే మాత్రలు ఉన్నాయి కానీ ఆ రకం నూటికి ఒకరిద్దరిలోనే. కేరాస్ మామూలుగా ఉన్న ఆ పదో మనిషి విషయంలో ఇంకా లోతుగా వెతకాలి, జీన్ ఫ్యూజన్లు (రెండు జీన్లు ఒకదానికొకటి అతుక్కుపోవడం) దొరకొచ్చు, వాటికీ మందులున్నాయి. ఆ వెతుకులాటకి డీఎన్‌ఏతో పాటు దాని నకలు లాంటి ఆర్‌ఎన్‌ఏ కూడా కావాలి, అంటే ఇంకా ముక్క కావాలి. అమెరికాలో 'నో యువర్ ట్యూమర్' పేరుతో వెయ్యిమందికి పైగా పేషెంట్ల రిపోర్టులు విశ్లేషించి 2020లో ప్రచురించారు. నలుగురిలో ఒకరికి ఏదో ఒక మందుకి అవకాశమిచ్చే మార్పు కనిపించింది. వాళ్లలోనూ ఆ మందు నిజంగా అందినవాళ్లు కొద్దిమందే, కానీ అందినవాళ్లు అందనివాళ్ల కన్నా ఎక్కువ కాలం బతికారు.

ఇలాగే నమూనా సరిపోకపోవడం ఇంతకుముందు ఇంకో ఇంట్లో జరిగింది. ఆ పెద్దాయనకి రెండోసారి ఈయూఎస్ చేశారు, ఈసారి ముక్క బాగా పడింది. కేరాస్ జీ12డీ అని వచ్చింది. అన్నిట్లోకీ ఎక్కువగా కనిపించే రకం, దాని మీద కొత్త మందుల ట్రయల్స్ నడుస్తున్నాయి, అంతే. వాళ్లబ్బాయి ఫోన్ చేసి "అయితే మళ్లీ ఏమీ లేనట్టేగా మేడమ్?" అన్నాడు. "అప్పుడు తెలియదు నాన్నా. ఇప్పుడు తెలిసింది" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ట్రయల్స్ ఎక్కడ జరుగుతున్నాయని అడిగాడు.

అపోహ: గడ్డని సూదితో కదిలిస్తే క్యాన్సర్ పాకుతుంది

ఈ మాట ప్రతి ఇంట్లో ఒక పెద్దావిడ అంటుంది. ఆమె మీద నాకు కోపం లేదు, ఆమె భయం నిజమైనదే. వాట్సాప్‌లో దాన్ని వీడియోలు చేసి తిప్పేవాళ్ల మీద ఉంది.

సూది దారిలో కణాలు మొలవడం అసలు జరగదని అనను. జపాన్‌లో పన్నెండు వేల మందికి పైగా పేషెంట్లను చూస్తే, వెయ్యికి ముగ్గురు నలుగురిలో కనిపించింది. గడ్డ పాంక్రియాస్ తలభాగంలో ఉంటే సూది వెళ్లిన దారిని తర్వాత ఆ భాగాన్ని తీసే విప్పల్ ఆపరేషన్‌లో ఎలాగూ తీసేస్తారు. సూది తర్వాత పాంక్రియాస్ వాపు, కొంచెం రక్తస్రావం లాంటివి కొద్దిమందికి వస్తాయి, వాటి గురించి సంతకం పెట్టేముందు అడగండి. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే దాచకుండా చెప్పండి.

నేరుగా ఆపరేషన్‌కే వెళ్తుంటే సర్జన్ సూది వద్దనొచ్చు, అది సరైన నిర్ణయమే. కానీ ముక్క చూడకుండా కీమో మొదలుపెట్టించుకోవద్దు. స్కాన్‌లో అచ్చం క్యాన్సర్‌లా కనిపించే టీబీ ఉంది. ఒంటి రక్షణ వ్యవస్థే పాంక్రియాస్‌ని వాచేలా చేసే, స్టెరాయిడ్‌తో కరిగే ఆటోఇమ్యూన్ పాంక్రియాటైటిస్ ఉంది. హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుట్టే న్యూరోఎండోక్రైన్ ట్యూమర్ ఉంది, స్టీవ్ జాబ్స్‌కి వచ్చింది అదే, దాని వైద్యమే వేరు. ఒకసారి "పాంక్రియాస్ మాస్" (గడ్డ) అని వచ్చిన ముక్కలో టీబీ గ్రాన్యులోమా, అంటే టీబీకి గుర్తయిన కణాల ముద్ద కనిపించింది. నేను కుర్చీలోంచి లేచి ల్యాబ్ అందరినీ పిలిచి చూపించాను. మా గదిలో సంతోషంగా చూసే స్లైడ్‌లు ఎన్నని ఉంటాయి!

మిగతావి గబగబా

*"పెట్ స్కాన్ ఉంది, సీఏ 19-9 పెరిగింది, ఇంకా ముక్కెందుకు?"* పెట్‌లో వాపు కూడా వెలుగుతుంది. సీఏ 19-9 అనేది రక్తంలో కొలిచే ఒక పదార్థం, కామెర్లలో కూడా పెరుగుతుంది. కొందరి ఒంట్లో అది పుట్టనే పుట్టదు, క్యాన్సర్ ఉన్నా సరే.

*"రక్తంతోనే జీన్ టెస్ట్ చేస్తారట కదా?"* చేస్తారు. అయితే గడ్డ ఇంకా పాంక్రియాస్ దాటనప్పుడు రక్తంలోకి వచ్చే డీఎన్‌ఏ చాలా తక్కువ. అందులో ఏమీ కనిపించకపోతే ధైర్యపడటానికి లేదు.

*"జీన్ అంటే పిల్లలకీ వస్తుందా?"* గడ్డలో పుట్టిన మార్పు గడ్డతోనే పోతుంది. పుట్టుకతో వచ్చే బీఆర్‌సీఏ జీన్ మార్పు లాంటివి వేరు, అవి పాంక్రియాస్ క్యాన్సర్ వచ్చినవాళ్లలో నూటికి నాలుగు నుంచి ఏడుగురిలో ఉంటాయి. వాటికి వేరే రక్తపరీక్ష ఉంది, ఈ జబ్బు వచ్చిన ప్రతివాళ్లూ చేయించుకోవాల్సిందే. బీఆర్‌సీఏ ఉంటే ప్లాటినం కీమో బాగా పనిచేస్తుంది. ఆ తర్వాత ఓలాపరిబ్ మాత్ర ఇవ్వొచ్చని 2019లో పోలో ట్రయల్ చూపించింది. అప్పుడు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు కూడా పరీక్ష గురించి మాట్లాడుకోవాలి.

చివరగా, ఆ మైనం బ్లాక్ గురించి

అది మీది. వేరే ఊళ్లో రెండో అభిప్రాయానికి వెళ్తే అడిగి, సంతకం పెట్టి తీసుకోండి. రిపోర్టు కాగితం ఒక్కటే తీసుకెళ్తే అక్కడ మళ్లీ సూది పడొచ్చు. కానీ జాగ్రత్త. రెండేళ్ల క్రితం మే నెలలో ఒకాయన బ్లాక్‌ని కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టి, దారిలో భోజనానికి దిగాడు. ఆ మైనం కరగడానికి 60 డిగ్రీలు చాలు, మూసి ఉన్న కారులో అద్దం కింద ఆ వేడి ఒక లెక్క కాదు. నా చేతికి వచ్చేసరికి కవర్ నిండా కొవ్వొత్తి కారినట్టు ఉంది, పోగులు ఒక మూలకి జారిపోయి ఉన్నాయి. వాటిని ఏరి మళ్లీ మైనంలో పోశాం, అదృష్టం బాగుండి పని జరిగింది. ఫ్రిజ్‌లో పెట్టాలా అని అడుగుతుంటారు. అక్కర్లేదు. ఎండ తగలని అల్మారాలో, ఫైలుతో పాటు పెట్టండి.