‘అదే 12 వోల్టులు, అదే 8 ఏహెచ్’: సీల్డ్ బ్యాటరీ మార్చేటప్పుడు అపోహలు, వాస్తవాలు

అనంతపురంలో నేను బ్యాటరీల అంగడి పెట్టిన మొదటి ఏడాది. గార్లదిన్నె వైపు నుంచి ఒక చీనీ (బత్తాయి) రైతు మందు కొట్టే పంపు భుజాన వేసుకుని వచ్చాడు. “ఏందప్పా, నువ్విచ్చిన బ్యాటరీ మూడు నెల్లు గూడా రాలేదే! మొదట్లో పదహైదు ట్యాంకులు కొడ్తాండె, ఇప్పుడు నాలుగింటికే పండుకుంటాంది” అన్నాడు. తప్పు ఆయనది కాదు, కంపెనీది కాదు, నాదే. పంపులోని పాత సీల్డ్ బ్యాటరీ (నీళ్ళు పోసే పని లేకుండా మూసేసిన సీసం బ్యాటరీ) మీద 12 వోల్టులు, 8 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే బ్యాటరీలో ఎంత ఛార్జి పడుతుందో చెప్పే అంకె) అని ఉంది. నా దగ్గర అవే అంకెలతో యూపీఎస్‌కు వేసే బ్యాటరీ ఉంది. గూట్లో సరిగ్గా పట్టింది కూడా. బిగించి పంపించేశాను.

అపోహ: అంకెలు కలిస్తే చాలు, సీల్డ్ బ్యాటరీలన్నీ ఒకటే

యూపీఎస్‌లో బ్యాటరీ పని కాచుకుని ఉండటమే. కరెంటు పోతే పది నిమిషాలు ఆదుకుంటుంది, మళ్ళీ నిండి కూర్చుంటుంది. పంపులో బ్యాటరీ అలా కాదు. పొద్దున నిండుగా పొలానికి పోతుంది, సాయంత్రానికి ఖాళీగా ఇంటికొస్తుంది. మందు కొట్టే రోజుల్లో రోజూ ఇదే వరస. ఇలా ఖాళీ అవుతూ నిండుతూ ఉండే పనికి లోపలి సీసం ప్లేట్లు ఆ లెక్కన తయారై ఉండాలి. బైకు బ్యాటరీ మూడో రకం. ఇంజను స్టార్ట్ చేయడానికి ఒక్క దెబ్బలో ఎక్కువ కరెంటు ఇవ్వాలి కాబట్టి అందులో పలుచని ప్లేట్లు ఎక్కువగా ఉంటాయి. దాన్ని పంపుకు పెడితే యూపీఎస్ దానికన్నా ముందే చేతులెత్తేస్తుంది.

బ్యాటరీ పక్కన చిన్న అక్షరాలను ఎవరూ చదవరు. ‘స్టాండ్‌బై యూజ్’ దగ్గర 13.5 నుంచి 13.8 వోల్టులు, ‘సైకిల్ యూజ్’ దగ్గర 14.4 నుంచి 15 వోల్టులు అని ఉంటుంది. ఎప్పుడూ ఛార్జింగ్‌లోనే ఉండే పనికి మొదటి అంకె, రోజూ వాడి నింపుకునే పనికి రెండోది. ఈ రెండూ ఒకే బ్యాటరీ మీద ఉన్నాయి కదా అని రెండు పనులకూ సమానంగా సరిపోతుందనుకోకండి, నేను బోల్తా పడింది అక్కడే. అంగట్లో “8 ఏహెచ్ ఇవ్వు” అని కాకుండా “పంపుకు కావాలి”, “యూపీఎస్‌కు కావాలి”, “కాటాకు కావాలి” అని అడగండి. అది విని కూడా ఎదురు ప్రశ్న వేయకుండా ఏదో ఒకటి తీసిచ్చేవాడి దగ్గర కొనకండి.

అపోహ: 7 ఏహెచ్ అంటే గంటసేపు 7 ఆంపియర్లు వస్తాయి

రావు. ఆ అంకెను 20 గంటల లెక్కన కడతారు. అంటే 0.35 ఆంపియర్ చొప్పున 20 గంటలు. అదే బ్యాటరీ నుంచి ఒక్కసారిగా 7 ఆంపియర్లు లాగితే నలభై నిమిషాలు కూడా గగనమే. కంప్యూటర్ యూపీఎస్ నిండు లోడు మీద అంతకు ఎన్నో రెట్లు లాగుతుంది. కొత్త బ్యాటరీ వేసినా ఐదారు నిమిషాలే వచ్చిందని గొడవకొచ్చే వాళ్ళకు ముందుగా ఈ లెక్కే కాగితం మీద వేసి చూపిస్తాను.

7 తీసి 9 వేయొచ్చా అని కూడా అడుగుతుంటారు. వేయొచ్చు. సాధారణంగా రెండూ ఒకే కొలతలో వస్తాయి: పొడవు 151, వెడల్పు 65, ఎత్తు 94 మిల్లీమీటర్లు, టెర్మినళ్ళతో కలిపి 100 దాకా. నిండటానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది, అంతే. టెర్మినల్ రేకు మాత్రం చూసుకోవాలి. సన్నది 4.75 మిల్లీమీటర్లు, వెడల్పుది 6.35. వెడల్పు క్లిప్పును సన్న రేకుకు తగిలించి ప్లయర్‌తో నొక్కేసే వాళ్ళున్నారు. అది వదులై, వేడెక్కి, ప్లాస్టిక్ కరిగి నా బల్ల మీదికి వచ్చిన యూపీఎస్‌లకు లెక్కే లేదు.

అలాగని చిన్న యూపీఎస్‌కు బయటి నుంచి వైర్లు లాగి కారు బ్యాటరీ తగిలించడం వేరే కథ. చాలా చిన్న యూపీఎస్‌ల ఛార్జర్ ఒక ఆంపియర్ కూడా ఇవ్వదు. అది ఆ పెద్ద బ్యాటరీని ఎప్పటికి నింపాలి? పైగా లోపలి ట్రాన్స్‌ఫార్మర్ పది పదిహేను నిమిషాల పని కోసం చేసింది. గంటసేపు నడిపితే మాడు వాసన వస్తుంది.

అపోహ: మీటర్‌లో 12.7 చూపిస్తోంది, బ్యాటరీకి ఏం ఢోకా లేదు

బల్ల మీద ఊరికే కూర్చున్నప్పుడు చచ్చిన బ్యాటరీ కూడా దర్జాగానే చూపిస్తుంది. నా పద్ధతి చెబుతాను. ఫుల్‌గా ఛార్జ్ చేసి, కొన్ని గంటలు పక్కన పెట్టి, పాత బైకు హెడ్‌లైట్ బల్బు తగిలిస్తాను. మీటర్ వైర్లు అలాగే ఉంచి ముల్లు చూస్తాను. మంచిదైతే కాస్త దిగి 12కు అటూ ఇటూగా నిలబడుతుంది. పోయినదైతే బల్బు ఎర్రబడేలోపే 10 కిందికి జారిపోతుంది. తీసేస్తే మళ్ళీ మెల్లగా 12కు ఎక్కుతుంది. అది చూసి “బాగుంది కదన్నా” అనేవాళ్ళు ఉంటారు!

కొత్తది కొనేటప్పుడు మాత్రం మీటర్ బాగా పనికొస్తుంది. 12.6 కన్నా తక్కువ చూపిస్తే అది చాలాకాలం గోడౌన్‌లో పడున్న సరుకు అన్నమాట. డబ్బా మీద తయారీ తేదీ చూడండి. వాడకపోయినా బ్యాటరీలో ఛార్జి తరిగిపోతూనే ఉంటుంది, వేడి పెరిగితే ఇంకా త్వరగా. తరిగిన కొద్దీ ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. తర్వాత ఎంత ఛార్జి పెట్టినా పూర్తిగా వదలదు. సీజన్ అయిపోగానే పంపును ఖాళీ బ్యాటరీతో కొట్టంలో తగిలించి, మళ్ళీ ఐదు నెలలకు దించే వాళ్ళ బ్యాటరీలు ఇలాగే పోతాయి.

బరువు కూడా చూడండి. 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ రెండు కిలోల పైనే తూగాలి. నేను అంగట్లో చిన్న కాటా పెట్టుకున్నాను. సగం ధరకు దొరికిందని తెచ్చిన ఒకటి దాని మీద పెడితే కిలోన్నర లోపే తూగింది. సీసం తక్కువైతే ఇక ఏముంటుంది అందులో?

అపోహ: ఇది డ్రై బ్యాటరీ

పేరు అలా స్థిరపడిపోయింది గానీ, లోపల యాసిడ్ ఉంది. గాజునారతో చేసిన మెత్తటి పొరలు దాన్ని పీల్చుకుని ఉంటాయి, కొన్నింట్లో జెల్‌గా ఉంటుంది. పైమూత పెరికి డిస్టిల్డ్ వాటర్ పోసే ప్రయోగాలు వద్దు. ఇన్వర్టర్ కింద ఉండే ట్యూబులర్ బ్యాటరీకి నీళ్ళు పోయాలి, దీనికి కాదు. తలకిందులుగా పెట్టి ఛార్జ్ చేయడం కూడా వద్దు. ఇక నేల మీద పెడితే ఛార్జి దిగిపోతుంది, నెలకోసారి పూర్తిగా ఖాళీ చేస్తే గట్టిపడుతుంది అనే మాటలు వదిలేయండి. సీసం బ్యాటరీ ఎంత లోతుగా ఖాళీ అయితే అంత ఆయుష్షు తగ్గుతుంది.

అపోహ: కంపెనీ ఐదేళ్ళని రాసింది, ఐదేళ్ళు వస్తుంది

ఆ లెక్క సుమారు 25 డిగ్రీల గదికి. దానిపైన ప్రతి పది డిగ్రీలకు ఆయుష్షు దాదాపు సగమవుతుంది. మన అనంతపురం, కర్నూలు, కడపల్లో మే నెలలో బయటే 40 దాటుతుంది. రేకుల షెడ్డులో, బీరువా పక్కన గోడకు ఆనించిన యూపీఎస్ లోపల ఎంత ఉంటుందో ఊహించుకోండి. నేను మార్చే యూపీఎస్ బ్యాటరీల్లో చాలావరకు రెండేళ్ళ చుట్టుపక్కలవే. యూపీఎస్‌ను గోడ నుంచి జానెడు ఇవతలికి జరిపి, దాని మీదున్న దుమ్ము తుడిస్తే చాలు, కొంత కలిసొస్తుంది. పక్కలు ఉబ్బిన బ్యాటరీని మాత్రం ఒక్కరోజు కూడా వాడకండి.

రెండు బ్యాటరీల 24 వోల్టుల యూపీఎస్‌లో ఒకటే పోయిందని ఒకటే మార్చమంటారు. పాతదీ కొత్తదీ ఒకే ఛార్జింగ్‌ను సమంగా పంచుకోలేవు, కొత్తది కూడా త్వరగా పాడవుతుంది. రెండూ ఒకేసారి, ఒకే కంపెనీవి, వీలైతే ఒకే నెలలో తయారైనవి వేయండి.

పాతదాన్ని చెత్తబుట్టలో వేయకండి, పగలగొట్టి సీసం తీయనివ్వకండి. పాత బ్యాటరీలను వెనక్కి తీసుకుని రీసైక్లింగ్‌కు చేర్చే బాధ్యతను 2022 నాటి నిబంధనలు తయారీదారుల మీదే పెట్టాయి. అంగట్లో ఇస్తే కిలో లెక్కన కొత్తదాని ధరలో తగ్గిస్తారు. తెచ్చేటప్పుడు రెండు టెర్మినళ్ళకూ టేపు చుట్టండి. సంచిలో తాళం చెవులు తగిలి నిప్పురవ్వలు రావడం నేను రెండుసార్లు చూశాను.