పాత రాగి గనుల్లో బంగారం ఉంటుందా? అపోహలు - వాస్తవాలు

పాత గనుల గురించి ఎక్కడ మాట్లాడినా చివర్లో ఒకరు లేచి అడుగుతారు: "సార్, అన్నీ చెప్పారు గానీ అసలు సంగతి దాటేశారు. లోపల బంగారం ఎంత ఉంటుంది?" నేను పురాతన రాగి గనుల మీద, ముఖ్యంగా రాజస్థాన్‌లోని ఖేత్రి ప్రాంతం మీద పనిచేస్తుంటాను. ఈ ప్రశ్న కాలేజీల్లో ఎదురవుతుంది, పెళ్లిళ్లలో ఎదురవుతుంది, అర్ధరాత్రి వాట్సాప్‌లో ఆకుపచ్చ రాయి ఫొటోతో కూడా వస్తుంది. మిగతా అపోహల వల్ల పెద్దగా పోయేదేమీ లేదు. దీనివల్ల మాత్రం డబ్బు, చరిత్ర, ఒక్కోసారి ప్రాణాలు కూడా పోతున్నాయి. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తున్నాను.

అపోహ: పాత గనిలో నిధి దాచి ఉంటుంది, లేదా తవ్వకుండా వదిలేసిన బంగారం ఉంటుంది

ఒక్క నిమిషం ఆలోచించండి. గని అంటే విలువైనదంతా బయటికి తీసుకెళ్లిపోయిన చోటు. పాతకాలం వాళ్లు ఖనిజం ఉన్న పొర వెంటే వెళ్లారు. అది ఎంత వెడల్పు ఉంటే సొరంగం దాదాపు అంతే వెడల్పు. మనిషి పాక్కుంటూ తప్ప వెళ్లలేని చోట్లు ఉంటాయి. పనికిరాని రాయిని పైదాకా మోయడం దండగ కాబట్టి, ఖాళీ అయిన చోట్లలోనే పేర్చి నింపేవాళ్లు. నిధుల కోసం వెళ్లినవాళ్లకు ఆ పేర్పు "ఎవరో కావాలని మూసేసిన ద్వారం"లా కనిపిస్తుంది. వెంటనే గునపం పెట్టి లాగేస్తారు. చాలా చోట్ల పైకప్పు కూలకుండా ఆపుతున్నది ఆ పేర్పే.

అది కూలకపోయినా గాలితో ప్రమాదం ఉంది. రాగి ఖనిజంతో పాటు ఉండే గంధకపు ఖనిజాలు తేమ తగిలితే నెమ్మదిగా ఆక్సీకరణ చెందుతూ చుట్టూ ఉన్న ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి. గాలి ఆడని పల్లపు చోట్ల కార్బన్ డయాక్సైడ్ చేరుతుంది. ఆక్సిజన్ తగ్గిన గాలికి వాసన ఉండదు. దగ్గు రాదు, కళ్లు మండవు, మనిషి ఉన్నట్టుండి కూలబడిపోతాడు. అతన్ని లాగడానికి దిగినవాడు కూడా అక్కడే పడిపోతాడు. దీపం పెట్టి చూసుకుంటే చాలనుకోవద్దు, ఆ పరీక్షను నమ్ముకుని దిగడానికి లేదు. "తాడు కట్టుకుని దిగుతాం సార్" అని చెప్పే కుర్రాళ్లకు నా జవాబు ఒక్కటే: దిగొద్దు. గాలిని కొలిచే పరికరం, బయట శిక్షణ ఉన్న మనుషులు లేకుండా మేమూ దిగం.

మరి ఆ మెరిసేదేమిటి? పాత గని దగ్గర పసుపు రంగులో తళతళలాడేది సాధారణంగా కాల్కోపైరైట్, అంటే రాగి, ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. చాకు మొనతో గీకితే పొడి రాలుతుంది, ఆ పొడి ఆకుపచ్చ ఛాయ ఉన్న నలుపులో ఉంటుంది. బంగారం పొడిగా రాలదు, మెత్తగా సాగుతుంది. వాట్సాప్‌లో వచ్చే పచ్చరాయి మాలకైట్. రాగి ఖనిజానికి గాలీ నీరూ తగిలి ఏర్పడుతుంది. మరకతం కాదు, మరకతానికి చుట్టమూ కాదు.

ఈ పుకారుకు మూలం లేకపోలేదు. రాగి ఖనిజంలో అతి స్వల్పంగా బంగారం, వెండి ఉండొచ్చు. ఇప్పటి రిఫైనరీల్లో రాగిని విద్యుత్తుతో శుద్ధి చేసేటప్పుడు అడుగున చేరే బురదలోంచి వాటిని తీస్తారు. అది టన్నుల కొద్దీ రాగిని శుద్ధి చేసే ఫ్యాక్టరీ పని. కంటికి కనిపించేదీ కాదు, పలుగుతో పెకలించేదీ కాదు. మంత్రగాడి మాట నమ్మి భార్య మెడలో గొలుసు తాకట్టు పెట్టిన మనిషిని చూశాను. అతని మీద నాకు కోపం లేదు. అప్పుల్లో ఉన్నవాడికి ఆశ చూపించి ఫీజు వసూలు చేసినవాడి మీదే నా కోపం.

ఇక పోయేది ఏమిటో చెప్పాలి. నేను సర్వే చేసిన ఒక గుట్ట కింద చిట్టెం (ఖనిజం కరిగించి లోహం తీశాక మిగిలే వ్యర్థం) దిబ్బ ఉండేది. మళ్లీ వెళ్లేసరికి ఎవరో జేసీబీతో మధ్యకి కోసేశారు. వాళ్లకు ఏమీ దొరకలేదు, దొరకదు కూడా. కానీ కొలిమి అడుగు, దాని చుట్టూ పొరలు పొరలుగా ఉన్న బూడిద, బొగ్గు మొత్తం కలగాపులగం అయిపోయాయి. ఏ పొర ముందుదో, ఏది తర్వాతదో ఇక ఎప్పటికీ తెలియదు.

చిట్టెంలో ఏముంటుందని అడుగుతారు. అరచేతి వెడల్పు ముక్క తీసుకోండి. పైభాగం నల్లగా, తాడు చుట్టలు చుట్టినట్టు మడతలు పడి ఉంటే అది ద్రవంగా కొలిమిలోంచి బయటికి పారిందని అర్థం. అడుగున కట్టెబొగ్గు ఒత్తుకున్న గుంటలు ఉంటాయి. విరిగిన అంచు మీద ఆవగింజంత ఆకుపచ్చ చుక్క ఉంటే అది లోపల చిక్కుకుపోయిన రాగి బొట్టు, తుప్పు పట్టి రంగు మారింది. దీన్ని పలచగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే కొలిమిలో వేడి ఎంత దాకా పోయిందో, ఇనుమును విడదీయడానికి ఇసుక కలిపారో లేదో అంచనా వేయొచ్చు. రాగి 1085 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఆరుబయట మంటకు అంత వేడి రాదు, తిత్తులు ఊదాలి. తిత్తి గొట్టం మట్టి ముక్క ఒక్కటి దొరికినా మాకు పండగే.

ఖేత్రి వైపు 19వ శతాబ్దం దాకా సాగిన పద్ధతిని అప్పట్లో చూసినవాళ్లు రాసిపెట్టారు. ఖనిజాన్ని మెత్తగా దంచి, ఆవు పేడతో కలిపి ముద్దలు చేసి ఎండబెట్టేవాళ్లు. వాటిని కాల్చి గంధకం పోగొట్టాక, కట్టెబొగ్గుతో చిన్న కొలిమిలో వేసి కరిగించేవాళ్లు. గనిలో రాయి పగలడానికి మంట పెట్టడం చాలా దేశాల్లో ఉన్న పద్ధతి. అలా తవ్విన గోడ ఉలి దెబ్బలు తిన్నట్టు కాకుండా నున్నగా, గుండ్రంగా తిరిగి ఉంటుంది, కొన్ని చోట్ల మసి ఇంకా అంటుకునే ఉంటుంది. ఇదంతా చదవగలిగిన ఆధారం. నిధి వేటలో మొదట పోయేది ఇదే.

అపోహ: చిట్టెం, పాత సామాను దొరికిందని చెబితే పొలం పోతుంది

ఇది మూర్ఖత్వం కాదు, భయం. ఖేత్రి దగ్గర ఒక ముసలి రైతు మమ్మల్ని సజ్జ చేను గట్టు మీదే ఆపేశాడు. "సాబ్, మీరు ఈ రాళ్ల గురించి రాసుకుంటే నా భూమి సర్కారుకు పోతుందా?" అని అడిగాడు. అతని గొంతులోని వణుకు నాకింకా గుర్తుంది. మేం అడగకముందే కొడుకు సగం చిట్టెం ఏరి వాగులో పోశాడట.

చిట్టెం కనిపించినంత మాత్రాన పొలం పోదు. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం కింద కేంద్రం ఒక స్థలాన్ని జాతీయ ప్రాముఖ్యం ఉన్నదిగా ప్రకటించాలంటే ముందు గెజిట్‌లో రెండు నెలల నోటీసు ఇచ్చి అభ్యంతరాలు తీసుకోవాలి. తవ్వకాల వల్ల భూమి యజమానికి నష్టం జరిగితే పరిహారం ఇవ్వాలని అదే చట్టంలో ఉంది. అందరూ భయపడే 100 మీటర్ల నిర్మాణ నిషేధం అలా ప్రకటించిన రక్షిత స్థలాల చుట్టూ వర్తిస్తుంది, చిట్టెం దొరికిన ప్రతి చేనుకూ కాదు. నాణేలు, నగల్లాంటివి బయటపడితే మాత్రం దాచొద్దు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో దాగిన సొత్తు విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. దాచిపెడితే నేరం అవుతుంది. చెప్పినవాడికి టెన్షన్ లేదు, దాచినవాడికే ఉంది.

మిగతావి త్వరగా ముగిస్తాను.

"పాత గని అంటే హరప్పా కాలానిదే." అలా అనడానికి లేదు. రాజస్థాన్‌లోనే నీమ్ కా థానా దగ్గరి గణేశ్వర్‌లో రాగి బాణపు మొనలు, గాలాలు, గొడ్డళ్లు వందల కొద్దీ దొరికాయి, అవి క్రీ.పూ. మూడో సహస్రాబ్దివి. కానీ అదే ప్రాంతంలోని సింఘానా రాగి గనుల గురించి అక్బరు కాలం నాటి ఐన్-ఇ-అక్బరీ కూడా చెబుతుంది. ఒకే గనిని వెయ్యేళ్ల తేడాతో మళ్లీ మళ్లీ తవ్వుతారు, తర్వాతివాళ్లు ముందువాళ్ల జాడను చెరిపేస్తారు. బొగ్గు ముక్కకు కార్బన్ పరీక్ష చేయకుండా చిట్టెం చూసి కాలం చెప్పేవాళ్లను నమ్మకండి.

"మన గనులను బ్రిటిష్‌వాళ్లు కనుక్కున్నారు." ఝార్ఖండ్‌లోని సింగ్‌భూమ్‌లో 1850లలో కంపెనీల కోసం వచ్చినవాళ్లు పాత గుంతల వెంటే వెతుక్కుంటూ పోయారు. అక్కడ ఎవరో ముందే తవ్వారని వాళ్లే రాసుకున్నారు.

"రాగి కరిగించే ఆ పాత విద్య మాయమైపోయింది." మాయం కాలేదు. కారు చౌకగా దిగుమతి రాగి వచ్చింది, కొలిమికి కట్టెబొగ్గు కరువైంది, పని చేసేవాళ్లు వేరే పనుల్లోకి వెళ్లిపోయారు.

"గనుల్లో పనిచేసినవాళ్లంతా బానిసలు." ఇజ్రాయెల్‌లోని టిమ్నా రాగి గనుల దగ్గర ఒక గుట్టకు పరిశోధకులే "బానిసల గుట్ట" అని పేరు పెట్టారు. తర్వాత అక్కడ దొరికిన జంతువుల ఎముకలను చూస్తే కొలిమి పనివాళ్లు మంచి మాంసమే తిన్నారని తేలింది. మన గనుల గురించి కూడా ఆధారం చూశాకే మాట్లాడదాం.

మీ ఊరి గుట్ట మీద ఇలాంటి చోటు కనిపిస్తే దిబ్బను కదపకుండా, పక్కన స్కేలో పెన్నో పెట్టి ఫొటో తీయండి. చుట్టూ ఉన్న నేల కూడా కనిపించేలా ఇంకో ఫొటో తీసి, ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేసుకోండి. బొగ్గు ముక్కలు కనిపిస్తే అస్సలు ఏరకండి, అవి ఏ పొరలో ఉన్నాయన్నదే మాకు కావలసింది. ఆ ఫొటోలతో రాష్ట్ర పురావస్తు శాఖకు గానీ, తహసీల్దారు కార్యాలయానికి గానీ ఒక కాగితం రాసివ్వండి. రశీదు తీసుకోవడం మరచిపోకండి.