మీ ల్యాబ్ సార్ తరఫున నాలుగు మాటలు

బ్రాడీపేట, గుంటూరు

పిల్లలూ,

మొన్న సెలవులకు వచ్చినప్పుడు మీ కంప్యూటర్ సార్ మీద ఎంత కోపంగా ఉన్నారో చూశాను. గేమ్ సైట్లు తెరుచుకోనివ్వరు, పెన్‌డ్రైవ్ పెట్టనివ్వరు అని. ఇరవై ఏళ్లు ఒక స్కూల్లో ఆ పనే చేశాను కాబట్టి ఆయన తరఫున నేను చెప్తాను.

మా స్కూల్లో ఒక పొద్దున ఫీజుల గదిలో కంప్యూటర్ ఆన్ చేస్తే ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. ఫైళ్ల పేర్ల చివర ఏవో పిచ్చి అక్షరాలు. తెర మీద డబ్బు కట్టమని నోటీసు. ఫైళ్లకు తాళం వేసి తాళంచెవికి బేరం పెట్టే ఈ దొంగతనాన్ని రాన్సమ్‌వేర్ అంటారు. ముందురోజు సాయంత్రం ఆ గదిలో పనిచేసేవాళ్లొకరు బిల్లు అంటూ వచ్చిన మెయిల్‌లో ఫైలు తెరిచారట. ఏదో తేడాగా ఉందని అప్పుడే అనిపించినా, తిడతారేమోనని భయపడి చెప్పలేదు. రాత్రికి రాత్రే అది పక్క కంప్యూటర్లకూ పాకింది. ఫైళ్ల నకళ్లు దాచే బ్యాకప్ డిస్కు మిషన్‌కే తగిలించి ఉండటంతో అదీ పోయింది. బీరువాలో విడిగా దాచిన రెండో డిస్కు మిగిలింది కాబట్టి పదో తరగతి మార్కులు దక్కాయి. దాన్ని మిషన్‌కి తగిలించేటప్పుడు నా చేతులు వణకడం ఇప్పటికీ గుర్తే.

2017 మేలో వనాక్రై అనే రాన్సమ్‌వేర్ దాదాపు 150 దేశాలకు పాకింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్నింటికీ సోకింది. అది దూరిన కంతను పూడ్చే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది, చాలామంది వేసుకోలేదు. మీ సార్ ఆదివారాలు కూడా వచ్చి అప్‌డేట్లు వేసేది అందుకే.

ఇక పెన్‌డ్రైవ్ సంగతి. ప్రాజెక్టు ప్రింట్ కోసం జిరాక్స్ షాపులో పెడతారు కదా, అక్కడ రోజుకి ఎన్ని పెన్‌డ్రైవ్‌లు పెడతారో! వైరస్ ఎక్కిందంటే మీ ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా కనిపిస్తాయి. ఒకటి నొక్కితే చాలు, ల్యాబ్ మిషన్‌కీ అంటుకుంటుంది. మీ వైఫై, ఆఫీసు వైఫై వేరుగా ఉంచేదీ ఇందుకే. ల్యాబ్‌లో ఏం జరిగినా మీ ఆధార్ నంబర్లు, అమ్మానాన్నల ఫోన్ నంబర్లు ఉన్న మిషన్ దాకా పోకూడదు.

పొరపాటున ఏదైనా లింక్ నొక్కేశారా, వెంటనే నెట్ వైరు పీకేసి సార్ దగ్గరికి పరిగెత్తండి. సాయంత్రం దాకా ఆగొద్దు. ఆయన కోప్పడితే నాకు ఫోన్ చేయండి, నేను మాట్లాడతాను.

మీ తాతయ్య