కారు స్టీరియో ఇంట్లో పెట్టుకోవచ్చా? అపోహలు - వాస్తవాలు

కారు అమ్మేశాక మిగిలిన డెక్కు (డ్యాష్‌బోర్డులో పాటలు ప్లే చేసే పెట్టె), యాంప్లిఫయర్, వూఫర్ సంచిలో వేసుకొచ్చి "ఇంట్లోకి సెట్ చేసి పెట్టన్నా" అని నా రిపేర్ షాపుకి వచ్చేవాళ్లు చాలామందే ఉంటారు. చేసుకోవచ్చు, బాగానే పాడుతుంది కూడా. కానీ ఎవరో చెప్పింది నమ్మి ముందే కనెక్షన్ ఇచ్చేసి, కాలిపోయాక తెస్తే బాధేస్తుంది.

అపోహ: 12 వోల్టుల అడాప్టర్ ఏదైనా సరిపోతుంది.

వోల్టులు ఒక్కటే చూస్తే సరిపోదు, ఆంపియర్లు చూడాలి. నిజంగా 300 వాట్లు ఇచ్చే క్లాస్ ఏబీ అనే రకం యాంప్లిఫయర్ ఫుల్ సౌండ్‌లో దాదాపు 500 వాట్లు లాగుతుంది, అంటే 12 వోల్టుల దగ్గర 40 ఆంపియర్ల పైమాటే, మరి వైఫై రౌటర్ అడాప్టర్ ఇచ్చేది ఒకటో రెండో ఆంపియర్లు. అందుకే బేస్ పడ్డప్పుడల్లా ఆగి ఆగి వస్తుంది. యాంప్లిఫయర్ మీదున్న ఫ్యూజు ఎన్ని ఆంపియర్లదో చూడండి, అంచనా దొరుకుతుంది. డెక్ ఒక్కటే అయితే 10 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ (ఇంటి కరెంటుని 12 వోల్టుల డీసీగా మార్చే పవర్ సప్లై) చాలు. పాతరకం బ్యాటరీ చార్జర్ మాత్రం వద్దు, ఫిల్టర్ ఉండదు కాబట్టి గుయ్‌మని హమ్మింగ్ వస్తుంది.

అపోహ: కరెంటు ఇచ్చినా ఆన్ కాలేదంటే యాంప్లిఫయర్ పోయినట్టే.

చాలాసార్లు పోదు. యాంప్లిఫయర్‌ని ఆన్ చేయమని చెప్పే 'రిమోట్' టెర్మినల్‌కి కూడా 12 వోల్టులు అందాలి, కారులో ఆ పని డెక్ నుంచి వచ్చే నీలం-తెలుపు వైరు చేస్తుంది.

అపోహ: డెక్ మీద 50×4 అని ఉంటే 200 వాట్లు.

అది పీక్ లెక్క, అంటే క్షణంపాటు అందే గరిష్ఠం. కారు ఇంజిన్ ఆన్‌లో ఉన్నప్పుడు వచ్చే 14.4 వోల్టులతో 4 ఓమ్‌ల (ఓమ్ అంటే కరెంటుకి స్పీకర్ ఎంత అడ్డుపడుతుందో చెప్పే కొలత) స్పీకర్‌కి శబ్దం చెడకుండా 26 వాట్లు దాటించడం లెక్క ప్రకారమే కుదరదు, చేతికొచ్చేది ఛానెల్‌కి 20 అటూఇటూగానే.

అపోహ: స్పీకర్ల మైనస్ వైర్లన్నీ కలిపేయొచ్చు.

దయచేసి కలపకండి. ఈ డెక్కుల్లో మైనస్ వైరులో కూడా సిగ్నల్ ఉంటుంది, గ్రౌండ్‌కి తగిలితే డెక్ లోపలి ఐసీ (చిప్) పోవచ్చు. 4 ఓమ్‌ల కారు స్పీకర్‌ని 8 ఓమ్‌ల స్పీకర్లకి తయారైన హోమ్ యాంప్లిఫయర్‌కి పెడితే కూడా వేడెక్కేది యాంప్లిఫయరే, 4 ఓమ్‌లవి రెండు సిరీస్‌లో కలిపితే 8 అవుతుంది.

ఇక కారులో అదిరిపోయిన వూఫర్ హాల్లో నీరసపడితే అది చెడిపోయిందనుకోకండి. మూసిన కారులో ఉన్న చోటు చిన్నది, అందుకే లో బేస్ దానంతటదే పెరుగుతుంది, హాల్లో ఆ సాయం ఉండదు. వూఫర్‌ని సరైన సైజు బాక్సులో బిగించి, గోడ మూలకి జరిపి ఒకసారి వినండి.