బోరు నీటిలో బ్యాక్టీరియా: అపోహలు, వాస్తవాలు

కర్నూలులో నీటి పరీక్షల పని చేసే నన్ను పల్లెల నుంచి వచ్చినవారు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: "ఈ నీళ్లలో క్రిములున్నాయా, లేవా?" కర్మాగారాల వ్యర్థజలం ఇంకిన చోట ఆ ప్రశ్న సరిపోదు. అక్కడ ఏ క్రిములు తగ్గాయి, వాటి స్థానంలో ఏవి పెరిగాయి అన్నది తెలియాలి.

అపోహ: లోతైన బోరు నీటిలో బ్యాక్టీరియా ఉండదు.

వాస్తవం: ఉంటుంది. రాతి పగుళ్లకూ ఇసుక రేణువులకూ జిగురు పొరలా అంటుకొని బతికేవే ఎక్కువ, నీటితో సీసాలోకి వచ్చేవి కొన్నే. ఆక్సిజన్ ఉన్నంతవరకు దానితో, అది తరిగాక నైట్రేట్‌తో, ఆపైన మాంగనీసు, ఇనుము, సల్ఫేట్‌లతో శ్వాస సాగించే ఈ సమూహాల్లో అధికభాగం మనకు హాని చేయవు.

అపోహ: విషం కలిస్తే క్రిములన్నీ చస్తాయి, 'క్రిములు లేవు' అన్న రిపోర్టు వస్తే చాలు.

వాస్తవం: అమెరికాలోని ఓక్ రిడ్జ్ అణుకేంద్రంలో 1951 నుంచి 1983 వరకు నైట్రిక్ ఆమ్లం, యురేనియం కలిసిన వ్యర్థాలను గుంటల్లో పోశారు. గుంటల దగ్గరి భూగర్భజలం ఆమ్లంగా మారి, జాతుల వైవిధ్యం బాగా పడిపోయింది. అయినా ఆ నీరు నిర్జీవం కాలేదు, తట్టుకోగలిగిన రోడనోబ్యాక్టర్ వంటి బ్యాక్టీరియా రకాలు రాజ్యమేలాయి. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500, 100 మిల్లీలీటర్ల నీటిలో ఈ.కోలి అనే పేగుల బ్యాక్టీరియా కనిపించకూడదంటుంది. అది మలకాలుష్యం జాడ చెబుతుందే గాని, క్రోమియం గురించో నైట్రేట్ గురించో ఏమీ చెప్పదు.

అపోహ: మలకాలుష్యం ఉందేమో చూసేందుకు నీళ్లు పోసి ఉంచే పరీక్ష సీసా నల్లబడితే మరుగుదొడ్డి నీళ్లు కలిసినట్టే.

వాస్తవం: ఊళ్ళో నీటి పరీక్షలు చేసే ఒక ఆడకూతురు నల్లబడిన సీసా పట్టుకొని వచ్చింది. "నిన్న సాయంత్రం పెట్టినాను మేడమ్, పొద్దున్నకే నల్లగయింది. గుంతల నీళ్లేనా ఇవి?" అని కళ్ళనీళ్లు పెట్టుకుంది. మరునాడు ఆ బోరు దగ్గరకు వెళ్లి, మోటారు కొంతసేపు నడిపించి, కుళాయి మూతిని స్పిరిట్ దూది మంటతో కాల్చి నమూనా తీశాను. కుళ్లిన కోడిగుడ్డు వాసన అక్కడే తెలిసిపోయింది. పరీక్షలో ఈ.కోలి కనిపించలేదు, సల్ఫేట్ మాత్రం లీటరుకు 400 మిల్లీగ్రాముల గరిష్ఠ పరిమితిని దాటింది. పొలం గట్టున అద్దకం పని జరుగుతోంది. గుడ్డ నుంచి తీసేసిన గంజి బ్యాక్టీరియాకు ఆహారమై ఆక్సిజన్‌ను తరిగించగా, రంగు పట్టడానికి వాడిన సోడియం సల్ఫేట్‌తో శ్వాస సాగించే బ్యాక్టీరియా వృద్ధి చెంది హైడ్రోజన్ సల్ఫైడ్ వదిలిందని నా నిర్ధారణ. సీసాలోని ఇనుమును నల్లబరిచేది ఆ వాయువే, అది ఏ బ్యాక్టీరియా నుంచి వచ్చినా సరే. అందువల్ల సీసా నల్లబడగానే ఆ నీళ్లు తాగడం ఆపి, ఈ.కోలి, సల్ఫేట్ రెండూ ప్రయోగశాలలో చూపించుకోవాలి.

అపోహ: రంగు పోయిందంటే బ్యాక్టీరియా శుభ్రం చేసేసినట్టే.

వాస్తవం: నాకు అన్నింటికన్నా భయం కలిగించే నమ్మకం ఇది. ఆక్సిజన్ లేని చోట బ్యాక్టీరియా అద్దకంలో వాడే అజో రంగులను విరగ్గొడుతుంది, రంగు మాయమవుతుంది, కానీ మిగిలే ఆరోమాటిక్ అమైన్లు అనే రసాయనాల్లో కొన్ని క్యాన్సర్ కారకాలు. కర్మాగారాల్లో జిడ్డు వదిలించడానికి వాడే క్లోరిన్ ద్రావకాల విషయమూ ఇంతే. డీహాలోకాకాయిడ్స్ అనే బ్యాక్టీరియా తగిన రకం ఉంటే వాటిని హానిలేని ఈథీన్ దాకా తీసుకెళ్తుంది, లేకపోతే పని తరచు మధ్యలో, వినైల్ క్లోరైడ్ అనే మరింత ప్రమాదకరమైన పదార్థం దగ్గర, ఆగిపోతుంది.

అపోహ: మరగబెడితే ఏ నీరైనా తాగవచ్చు.

వాస్తవం: క్రిములు చస్తాయి. నైట్రేట్, లోహాలు పోవు. నీరు ఆవిరైన కొద్దీ వాటి సాంద్రత ఇంకా పెరుగుతుంది.

అపోహ: నమూనా కూల్‌డ్రింక్ సీసాలో తెచ్చినా ఫరవాలేదు.

వాస్తవం: అలా తెస్తే సీసాలోని క్రిములనే లెక్కపెడతాం. మా దగ్గరే శుద్ధి చేసిన సీసా తీసుకెళ్లి, ఐసు పెట్టెలో పెట్టి, 24 గంటలు దాటకుండా తెచ్చివ్వండి.