రక్తకణాలన్నిటికీ విత్తు ఒకటేనా? వందేళ్లకు పైగా సాగిన వాదం

ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు, ప్లేట్‌లెట్లది పది రోజుల లోపే. ఆ లోటు పూడాలంటే మన ఒంట్లో సెకనుకు దాదాపు 20 లక్షల ఎర్ర కణాలు కొత్తగా పుట్టాలి. వాటి పుట్టిల్లు ఎముకల్లోని మూలుగేనని 1868లో అప్పటి ప్రష్యాలోని కోనిగ్స్‌బెర్గ్‌లో ఎర్నెస్ట్ నాయ్‌మన్, ఇటలీలోని పావియాలో జూలియో బిజోజెరో ఎవరికి వారుగా కనిపెట్టారు. నాయ్‌మన్ ఎముకను నొక్కి పిండిన మూలుగలో కేంద్రకం ఉన్న ఎర్ర కణాలు కనిపించాయి. నెత్తుటిలో తిరిగే ఎర్ర కణాలకు కేంద్రకం ఉండదు గనుక ఇవి ఇంకా ఎదుగుతున్నవేనని ఆయన గ్రహించారు.

అసలు తగవు ఆ తర్వాత మొదలైంది. కణాలకు రంగులద్ది రకాలను విడదీసిన జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్, లింఫ్ కణాల (రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల కణాల) వంశం వేరు, మూలుగ కణాల వంశం వేరు అన్నారు. అన్నిటికీ తల్లికణం ఒక్కటేనని 1909లో రష్యన్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ మాక్సిమోవ్ వాదించారు. చంపి రంగులద్దిన కణాన్ని ఎంతసేపు చూసినా అది రేపు ఏమవుతుందో తెలియదు కాబట్టి, ఈ వాదం సూక్ష్మదర్శినితో తెగేది కాదు.

దారి రేడియేషన్ పరిశోధనలో దొరికింది. 1945లో అణుబాంబుల పేలుడును తట్టుకున్నవారిలో కూడా చాలామంది, మూలుగ దెబ్బతిని, కొన్ని వారాలకు రక్తస్రావాలతో, ఇన్‌ఫెక్షన్లతో చనిపోయారు. ఎలుక ప్లీహానికి (స్ప్లీన్‌కు) సీసం అడ్డుపెడితే ప్రాణాంతకమైన రేడియేషన్ ఇచ్చినా అది బతుకుతుందని 1949లో షికాగోలో లియోన్ జాకబ్‌సన్ చూపారు. కాపాడినది ఏదో రసాయనమని చాలామంది అనుకున్నారు గానీ, రేడియేషన్ తగిలిన ఎలుకలకు బయటి నుంచి మూలుగ కణాలు ఎక్కిస్తే, ఆ కణాలే స్థిరపడి పెరుగుతాయని 1956లో వాటి క్రోమోజోమ్‌లలోని ప్రత్యేక గుర్తులతో తేలింది.

1961లో టొరంటోలో భౌతికశాస్త్రవేత్త జేమ్స్ టిల్, వైద్యుడు ఎర్నెస్ట్ మెక్‌కలక్, రేడియేషన్ ఇచ్చిన ఎలుకలకు మూలుగ కణాలు ఎక్కించి, సుమారు పది రోజులకు ప్లీహాలపై లేచిన బొడిపెలను లెక్కపెట్టారు. ఎక్కించిన ప్రతి పదివేల కణాలకు దాదాపు ఒక బొడిపె చొప్పున వచ్చింది. కొన్ని బొడిపెల్లో ఎర్ర కణాలు, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లను తయారుచేసే పెద్ద కణాలు కలిసే ఉన్నాయి. ఒక బొడిపె మొత్తం ఒకే కణం సంతానమని 1963లో వారి సహచరుడు ఆండ్రూ బెకర్ రుజువు చేశారు. నా దృష్టిలో ఈ కథలో గొప్ప పరికరం ఆ లెక్కే.

అయితే ఆ బొడిపెల్లో చాలావాటిని మొలిపించినది అసలు మూలకణం (అన్నిటికీ తల్లి అయిన కణం) కాదని, దాని నుంచి ఒక మెట్టు దిగిన కణమని తరవాత తెలిసింది. మూలకణాన్నే వేరుచేసే పని 1988లో స్టాన్‌ఫర్డ్‌లో ఇర్వింగ్ వైస్‌మన్ బృందం వల్ల అయింది. ఎలుక మూలుగలో రెండు వేలకు ఒకటిగా దొరికిన ఆ కణాలు 30 ఎక్కిస్తే చాలు, చావవలసిన ఎలుకల్లో సగం బతికాయి. వాటిలో లింఫ్ కణాలతో సహా అన్ని రకాల రక్తకణాలూ తిరిగి పుట్టాయి.